ముందు సీసం, తర్వాత రాడ్

సందేహాలు - సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావాటి సారాంశం ఒకటే: సముద్రం అడుగున గాలం వెయ్యడానికి తక్కువ ధరలో దొరికే మంచి స్పిన్నింగ్ రాడ్ ఏది? కంపెనీ పేరు చెప్పమని అందరూ అడిగారు. ఎక్కడ నిలబడి వేస్తారో, ఎంత సీసం కడతారో రాసినవాళ్ళు మాత్రం కొద్దిమందే. ఆ కొద్దిమంది ఉత్తరాలే ఇక్కడ తీసుకున్నాను.

*

భీమిలి బీచ్‌లోనూ, ఋషికొండ పక్క రాళ్ళ మీద నుంచీ ఆదివారాలు గాలం వేస్తుంటాను. ఇన్నాళ్ళూ స్నేహితుడి రాడ్‌తో నెట్టుకొచ్చాను. రాడ్, రీల్ కలిపి నాలుగు వేలకు మించి పెట్టలేను. కొట్టుకు వెళ్తే ‘మీడియమా, మీడియం హెవీనా, ఫాస్ట్ యాక్షనా’ అని అడుగుతున్నారు. ఏం చెప్పమంటారు?
- ఒక బ్యాంకు ఉద్యోగి, విశాఖపట్నం

ఏమీ చెప్పకండి. మీరే ఎదురు అడగండి: ‘ఇది ఎన్ని గ్రాముల సీసం విసురుతుంది?’ అని. రాడ్ పిడికి కాస్త పైన సన్నటి అక్షరాల్లో ఆ సంగతి ఉంటుంది. 40-80 గ్రాములనో, 80-150 అనో, 100-200 అనో రాస్తారు. కొన్నిటి మీద ఔన్సుల్లో ఉంటుంది. ఔన్సంటే 28 గ్రాముల పైచిలుకు. పక్కనే పౌండ్లలో ఉండే అంకె తంగూసు బలానిది. బరువు అంకె లేని రాడ్‌ను ఎంత చవగ్గా ఇచ్చినా పుచ్చుకోవద్దు.

అడుగు వేటలో సీసం ఇసుక మీద కదలకుండా కూర్చోవాలి. ఎంత బరువైతే కూర్చుంటుందనేది కెరటమూ నీటి వడీ తేలుస్తాయి, మన ఇష్టం కాదు. భీమిలిలో గోస్తనీ కలిసే మొగ దగ్గర ఆటు సమయంలో నీరు బయటికి లాగుతున్నప్పుడు 60 గ్రాముల గుండు వేసి చూడండి, ఒడ్డు వెంట దొర్లుకుంటూ పోతుంది. ఇసుక బీచ్‌లో మామూలు రోజుకి 90 నుంచి 120 గ్రాములు అనుకోండి. దీనికి ఎర బరువు కలపాలి. ఈ లెక్క చాలామంది వెయ్యరు. కానాగంత ముక్క ఒక మాదిరిది గుచ్చితే 30 గ్రాములు ఉంటుంది. సీసం 100, ఎర 30, వెరసి మీరు విసిరేది 130 గ్రాములు. కాబట్టి 150 దాకా తట్టుకునే రాడ్ కావాలి. 100 గ్రాముల రాడ్‌తో ఈ బరువును ఊపు మీద విసిరితే ఏదో ఒకనాడు చేతిలోనే విరుగుతుంది. అలాగని, ఎక్కువ బలం ఉంటే మంచిదేగా అని 250 గ్రాముల రాడ్ కొనకండి. మీ 100 గ్రాములకు అది వంగనే వంగదు. రాడ్ వంగితేనే సీసం దూరం పోతుంది.

కొట్టువాడు అడిగిన మాటల అర్థం కూడా తెలుసుకుని ఉండండి. పవర్ అంటే రాడ్‌ను వంచడానికి ఎంత బలం కావాలన్నది. యాక్షన్ అంటే అది ఎక్కణ్ణుంచి వంగుతుందన్నది. ఫాస్ట్ అయితే కొస దగ్గరే వంగి ఆగుతుంది, మోడరేట్ అయితే నడుం దాకా వంగుతుంది. ‘మీడియం హెవీ’కి కంపెనీకో కొలత ఉంది. ఒకరి మీడియం హెవీ ఇంకొకరి హెవీ కావచ్చు. గ్రాములకు ఆ గొడవ తక్కువ. యాక్షన్ మాత్రం రెంటికీ మధ్యస్థంగా, మోడరేట్ ఫాస్ట్ అడగండి. మరీ ఫాస్ట్ రాడ్‌తో విసిరితే ఆ కుదుపుకి మెత్తటి ఎర గాలం నుంచి ఊడి గాల్లోనే పోతుంది. రొయ్య గుచ్చేవాళ్ళకి ఇది బాగా అనుభవం.

ఇక పొడుగు. ఇసుక బీచ్‌లో కెరటం విరిగే గీత దాటించి వెయ్యాలి, వేశాక తంగూసు ఆ నురగకు తగలకుండా ఎత్తులో ఉండాలి. అందుకని 11, 12 అడుగుల రాడ్ వాడతారు. రాళ్ళ మీద అంత పొడుగుతో తిరగలేరు, 8 లేదా 9 అడుగులు చాలు. రెండు చోట్లకీ ఒకటే కొనాలన్నారు కాబట్టి మీకు 10 అడుగులు, రెండు ముక్కలది, 80-150 గ్రాములది సరిపోతుంది.

నాలుగు వేలలో రాడ్‌కి పదిహేను, పదహారు వందలకు మించి పెట్టకండి, మిగతాది రీల్‌కి. చవక రాడ్ మోటుగా ఉన్నా పని చేస్తుంది. చవక రీల్‌లోకి ఉప్పు దూరితే ఒక వానాకాలం కూడా నిలవదు. 5000 లేదా 6000 సైజు రీల్ ఈ రాడ్‌కి జోడు.

రాళ్ళ మీద వేసేటప్పుడు సీసాన్ని అసలు తంగూసుకి నేరుగా కట్టకుండా, దానికన్నా బాగా పలచని తంగూసు ముక్కతో వేలాడదీయండి. సీసం రాళ్ళ సందులో ఇరుక్కుంటే ఆ ముక్కే తెగుతుంది, గాలమూ చేపా మీకు దక్కుతాయి. విసిరేటప్పుడు మాత్రం మెల్లగా ఊపాలి. పోయే సీసానికి డబ్బు దండగ అనుకుంటే మెకానిక్ షెడ్డులో పారేసే పాత స్పార్క్ ప్లగ్గులు అడగండి. రాళ్ళ మీద అవీ బాగానే పని చేస్తాయి.

*

కొట్టులో పదిహేను వందల రాడ్ మీద ‘హై కార్బన్ 99 శాతం’ అని ఉంది. పక్కనే ఫైబర్‌గ్లాస్ రాడ్ అదే ధరకి ఉంది, చేతికి బరువుగా అనిపించింది. కార్బన్ తీసుకోమంటున్నారు. తీసుకోవచ్చా?
- ఇంజనీరింగ్ విద్యార్థి, కాకినాడ

ఆ 99ని ఎవరూ తూచి రాయలేదు. కార్బన్‌లోనూ నాణ్యత వేరువేరుగా ఉంటుంది. ఐఎం6, ఐఎం7, ఐఎం8 అని కొన్నిటి మీద కనిపిస్తుంది కదా, అవి మొదట ఒక ముడిసరుకు కంపెనీ తన నారలకు పెట్టుకున్న పేర్లు. ఇప్పుడు ఎవరికి తోచినట్టు వాళ్ళు అచ్చేస్తున్నారు. రాడ్ మీది రాతని బట్టి కార్బన్ నాణ్యత తేల్చడం కుదరదు.

మంచి కార్బన్ తేలిగ్గా ఉంటుంది, చేప ఎరను ముట్టుకున్నా చేతికి తెలుస్తుంది. దాని బలహీనత దెబ్బ. నిలువునా ఎంత లాగినా తట్టుకుంటుంది గానీ, సీసం గుండు ఊగి పక్కనుంచి తగిలినా, బండి సీటుకీ రాయికీ మధ్య నలిగినా కంటికి కనబడని చీలిక పడుతుంది. ఆ తర్వాత ఎప్పుడో చిన్న చేపకి టప్పున విరుగుతుంది. ఫైబర్‌గ్లాస్ బరువు, బద్ధకంగా వంగుతుంది, కానీ పడేసినా తొక్కినా అంత తేలిగ్గా చావదు. అడుగు వేటలో రాడ్ చాలాసేపు స్టాండులోనే ఉంటుంది కాబట్టి బరువు అంత పెద్ద లోపం కాదు. రెంటినీ కలిపి చేసిన రాడ్లూ ఉన్నాయి. అమెరికాలో షేక్‌స్పియర్ కంపెనీ 1976లో తెచ్చిన అగ్లీ స్టిక్ ఆ తరహాదే. అందంగా ఉండదని పేరులోనే ఒప్పుకుని ఇప్పటికీ అమ్ముడుపోతోంది.

అదే ధరకి నన్ను ఎంచుకోమంటే గ్లాస్ లేదా కలగలుపు రాడ్ తీసుకుంటాను. అందుకు ఇంకో కారణం గాలం. కొస లోపలికి వంగి ఉండే సర్కిల్ హుక్ వాడేవాళ్ళు చేప కొరికిందని రాడ్‌ను లాగి కొట్టకూడదు. చేప ఎర తీసుకుని తన దారిన పోతుంటే రాడ్ మెల్లగా వంగాలి, అప్పుడు గాలం జారుకుంటూ వచ్చి నోటి మూలలో గుచ్చుకుంటుంది. గట్టి కార్బన్ కొస చేపకి ముందే ‘ఏదో ఉంది’ అని తెలియజేస్తుంది, అది ఎర వదిలేస్తుంది. మెత్తటి గ్లాస్ కొస దాన్ని కొంతదూరం పోనిస్తుంది. గొరకలకీ జెల్లలకీ ఇది బాగా పనికొస్తుంది.

మీది కాకినాడ కాబట్టి ఒక హెచ్చరిక. కార్బన్‌లో కరెంటు పారుతుంది. కాలువ గట్ల మీద వేలాడే తీగల కింద 12 అడుగుల కార్బన్ రాడ్ ఎత్తి నడవొద్దు. వేసవి సాయంత్రాల్లో మబ్బు కమ్మి ఉరిమిందంటే ఏ రాడైనా కింద పెట్టి బీచ్ నుంచి లేచి రండి.

*

రైల్లో బాపట్ల వెళ్ళి సూర్యలంక బీచ్‌లో వేస్తాం. సంచిలో పట్టేలా టెలిస్కోపిక్ రాడ్ కొందామనుకుంటున్నాను.
- విజయవాడ

ఇసుకకీ దానికీ పడదు. ఒకదాంట్లోకి ఒకటి దూరే గొట్టాల మధ్య తడి ఇసుక చేరితే గీతలు పడతాయి, ఉప్పు గడ్డకట్టి బిగుసుకుంటాయి. పైగా రింగులు తక్కువ ఉండటం వల్ల బరువు అక్కడక్కడే పడుతుంది. మూడు ముక్కల ట్రావెల్ రాడ్ వెతకండి, సంచిలో పడుతుంది, అతుకులు రెండే ఉంటాయి. ఇప్పటికే టెలిస్కోపిక్ కొనేసి ఉంటే కొస ముక్క ముందు లాగి, రింగులు వరసలో పెట్టుకుని, ఒక్కొక్కటే కిందికి రండి. ఇంటికొచ్చాక అడుగు బిరడా విప్పి, లోపలినుంచి మంచినీళ్ళు పోసి, ఆరబెట్టాకే మూయండి.

*

మా మామయ్యగారు బందరులో ఉంటారు, వయసు డెబ్బై దగ్గర. జీవితమంతా చేతి గాలమే వేశారు. ఇప్పుడు భుజం నొప్పి వల్ల విసరలేకపోతున్నారు. పుట్టినరోజుకి రాడ్ కొనిద్దామంటే ‘కర్రతో చేప ముట్టడం ఏం తెలుస్తుంది’ అంటున్నారు. ఆయనకి నచ్చేది ఏదైనా చెప్పండి.
- ఒక కోడలు, హైదరాబాదు

ఆయన అన్నది నిజం, అమ్మా. వేలి మీదుగా తంగూసు పట్టుకున్నవాడికి తెలిసినంతగా రాడ్ పట్టినవాడికి తెలియదు. కాకపోతే మామూలు తంగూసు సాగుతుంది కాబట్టి దూరం పెరిగేకొద్దీ కబురు అందదు. దాని బదులు అల్లిక దారం, కొట్లలో పీఈ అనో బ్రెయిడ్ అనో అంటారు, వేయించండి. అది దాదాపు సాగదు. యాభై మీటర్ల అవతల చేప మూతి తగిలినా ఆయన చూపుడు వేలుకి తెలుస్తుంది. స్పిన్నింగ్ రీల్ రాడ్ కింద వేలాడుతుంది కదా, దారాన్ని వేలి మీద ఆనించి పట్టుకోవడానికి వీలు కూడా.

అల్లిక దారానికి ఇంకో సుగుణం ఉంది. అదే బలం ఉన్న తంగూసు మందం దీనికి రెట్టింపుకు పైనే. దారం సన్నంగా ఉంటే నీటి వడి దాన్ని తక్కువ తోస్తుంది, అందుకని తక్కువ సీసంతోనే అడుగున నిలబడుతుంది. సీసం తగ్గితే రాడ్ తేలికది చాలు, భుజానికి శ్రమా తగ్గుతుంది. మామయ్యగారికి 9 అడుగులు, 40-80 గ్రాముల రాడ్, 4000 సైజు రీల్, పీఈ 2 దారం. ఇక్కడ మాత్రం కార్బన్ ఎక్కువున్న రాడ్ తీసుకోండి, ఆయన చేత్తోనే పట్టుకు కూర్చుంటారు కాబట్టి తేలికదనానికి డబ్బు పెట్టొచ్చు.

బహుమతి అని రహస్యంగా కొనకండి. ఆయన్ని కొట్టుకు తీసుకెళ్ళండి. రాడ్ మడమను చంకలో పెట్టుకుని చెయ్యి చాపితే రీల్ బిగించే చోటు చేతికి అందాలి. అంతకన్నా దూరమైతే విసిరేటప్పుడు భుజం మీద పడుతుంది. ఏ భుజం నొప్పో రాయలేదు. స్పిన్నింగ్ రీళ్ళలో చాలావాటి పిడిని ఎడమ, కుడి ఎటైనా మార్చుకోవచ్చు, కొట్టులోనే మార్పించండి. అల్లిక దారం పట్టి ఒట్టి చేత్తో లాగొద్దని చెప్పండి. చేతి గాలం అలవాటున్నవాళ్ళు ఆ పని చేస్తారు, చర్మం కోసుకుపోతుంది.

*

అల్లిక దారం వేశాక మూడు నెలలకే కొస రింగులో గాడి పడింది. ఇప్పుడు దారం పీచు లేస్తోంది. రాడ్ మార్చాలా?
- మైపాడు, నెల్లూరు జిల్లా

కొస రింగు మారిస్తే చాలు. రింగు లోపల నున్నటి వలయం ఒకటి ఉంటుంది. చవక రాడ్లలో అది లోహపు పూత ఒక్కటే. ఇసుక రేణువులు అంటిన అల్లిక దారం ఆ పూతను కోసేస్తుంది. సిరామిక్ వలయం, అంటే అల్యూమినియం ఆక్సైడ్‌ది అయితే చాలాకాలం నిలుస్తుంది. సిలికాన్ కార్బైడ్ ఇంకా గట్టిది, మన ధరల్లో దానికోసం ఆశపడనక్కర్లేదు.

పాత కొస రింగు గొట్టాన్ని కాస్త వేడి చేస్తే లోపలి జిగురు కరిగి ఊడి వస్తుంది. మంటను లోహానికే చూపించండి, కార్బన్‌కి తగలనివ్వొద్దు. కొస మందం మిల్లీమీటర్లలో కొలిచి దానికి తగ్గ రింగు తెచ్చి, గ్లూ గన్‌లో వాడే జిగురు కడ్డీ కరిగించి తొడగండి. ఆరకముందే మిగతా రింగుల వరసలో ఉందో లేదో ఒక కన్ను మూసి చూసుకోండి. మళ్ళీ రాడ్ కొనేటప్పుడు చెవిలో పెట్టుకునే దూది పుల్ల వెంట తీసుకెళ్ళి ప్రతి రింగులోనూ తిప్పండి. దూది పోగు ఎక్కడ చిక్కుకుంటే అక్కడ పగులున్నట్టు. కొట్టువాడు నవ్వుతాడు, నవ్వనివ్వండి.

దారం చివర కొన్ని మీటర్లు మందపాటి తంగూసు కలపడం మరవొద్దు. సీసం ప్రతి ఔన్సుకీ పది పౌండ్ల బలం అని ఒడ్డు వేటగాళ్ళు వాడే పాత లెక్క. 112 గ్రాములకి 40 పౌండ్ల తంగూసన్నమాట. ఇది లేకుండా గట్టిగా విసిరితే దారం తెగి సీసం తూటాలా పోతుంది, బీచ్‌లో పిల్లలుంటారు.

*

కళింగపట్నం దగ్గర రెండు కిలోల పండుగప్ప పడింది. ఒడ్డుకు తెచ్చి రాడ్‌తో పైకి ఎత్తుతుంటే కొస నుంచి అడుగు దూరంలో విరిగింది. కొని నెల కాలేదు. కంపెనీ మోసం కాదా?
- శ్రీకాకుళం జిల్లా

మీ ఉత్తరంలోనే జవాబుంది: ‘ఎత్తుతుంటే’. రాడ్‌ను నిలువుగా పైకెత్తి చేపను వేలాడదీస్తే బరువంతా కొసలోని సన్నటి భాగం మీదే పడుతుంది. బలమైన భాగం కింద ఊరికే ఉంటుంది. అందుకే విరుపు ఎప్పుడూ కొస దగ్గరే వస్తుంది. తయారీ లోపమైతే సాధారణంగా మొదటి ఒకటి రెండు విసుర్లలోనే బయటపడుతుంది.

చేపతో లాగులాట జరిగేటప్పుడు రాడ్ నిలువుకన్నా తక్కువ వాలులోనే ఉండాలి. ఒడ్డుకు వచ్చాక కెరటం సాయం తీసుకోండి. కెరటం వస్తుంటే రీల్ తిప్పుతూ వెనక్కి నడవండి, వెనక్కి పోతుంటే లాగకుండా పట్టు ఉంచండి. నాలుగైదు కెరటాల్లో చేప తడి ఇసుక మీదికి వస్తుంది. జెట్టీ మీదనైతే చేతి వల ఉండాలి. పండుగప్ప మొప్ప రెక్క అంచు కత్తిలా ఉంటుంది, అక్కడ వేళ్ళు పెట్టొద్దు.

రీల్ డ్రాగ్ కూడా బిగించేసి ఉంటారని నా అనుమానం. తంగూసు బలంలో పావు వంతు లాగుడికి రీల్ దారం వదలాలి. 20 పౌండ్ల తంగూసంటే 9 కిలోలు, అందులో పావంటే రెండుంపావు. చేపల బజారులో వాడే స్ప్రింగు త్రాసును దారం చివర తగిలించి లాగితే ఎంతకి వదులుతుందో చూసుకోవచ్చు. గాలం రాయికి చిక్కినప్పుడు రాడ్‌తో గుంజొద్దు. రాడ్‌ను తిన్నగా అటు గురిపెట్టి, దారాన్ని ఒక కర్రముక్కకి చుట్టి, వెనక్కి నడవండి. విరిగిన రాడ్‌ను పారెయ్యకండి. విరిగిన చోట కొత్త కొస రింగు తొడిగితే పొట్టిదై కాస్త బిరుసెక్కుతుంది గానీ, రాళ్ళ మీదికి బాగుంటుంది.

*

మాది గుంటూరు, ఉండేది హ్యూస్టన్‌లో. వారాంతాల్లో గాల్వెస్టన్ బీచ్‌కి వెళ్తాను. ఇక్కడ కొన్న రాడ్ సెలవులకి వచ్చినప్పుడు సూర్యలంకలో కూడా పనికొస్తుందా?
- టెక్సాస్

వస్తుంది. గాల్వెస్టన్ కూడా మెల్లగా లోతయ్యే ఇసుక ఒడ్డే. ఒడ్డుకు సమాంతరంగా ఇసుక మేటలు, వాటి మధ్య కాలువల్లాంటి లోతులు ఉంటాయి. చేపలు తిరిగేది ఆ లోతుల్లోనే కాబట్టి, మేట మీద కాకుండా దాని అవతల పడేలా వెయ్యాలి. 10 లేదా 11 అడుగులు, 150 గ్రాముల దాకా తట్టుకునేది రెండు చోట్లా సరిపోతుంది. మీకు అక్కడ రాడ్, రీల్ కలిపి అమ్మే కాంబోలు చవగ్గా దొరుకుతాయి. మొదటిసారికి అదే మేలు. విమానంలో తేవాలంటే మూడు ముక్కలది చూసుకుని, గట్టి పీవీసీ గొట్టంలో పెట్టి పంపండి.

అక్కడ లైసెన్సుతో పాటు ఉప్పునీటి వేటకు విడిగా అనుమతి ఉండాలి. ఒడ్డున ఎక్కువగా పడే రెడ్ డ్రమ్‌లో 20 నుంచి 28 అంగుళాల మధ్యవి ఉంచుకోవచ్చు. అంతకన్నా పెద్దవాటికి వేరే నియమాలున్నాయి, అవి మారుతుంటాయి, ఏటా చూసుకోండి.

*

విశాఖ నుంచి స్నేహితులు పడవ మాట్లాడారు. బీచ్‌లో వాడే 12 అడుగుల రాడ్ తీసుకెళ్ళనా?
- గాజువాక

వద్దు. పడవలో విసిరే పనే లేదు, నిలువుగా దించడమే. ఆరు, ఏడు అడుగుల బిరుసు రాడ్ కావాలి. పొడుగు రాడ్ అయితే చేప మీకన్నా దూరంగా వేలాడుతుంది, పక్కవాడి కంట్లో గుచ్చుకుంటుంది. లోతును బట్టి సీసం 150 నుంచి 300 గ్రాములు పట్టొచ్చు. తేదీ కూడా చూసుకోండి. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేట నిషేధం. ఆ రోజుల్లో ‘ఏం కాదు, తీసుకెళ్తాం’ అనేవాడి పడవ ఎక్కొద్దు. మిగతా రోజుల్లో లైఫ్ జాకెట్ లేని పడవ కూడా ఎక్కొద్దు.

*

రాడ్ రెండు ముక్కలూ బిగుసుకుపోయాయి. ఇద్దరం పట్టి లాగినా రావడం లేదు.
- యానాం

రింగులు పట్టుకుని తిప్పకండి, ఊడి వస్తాయి. కూర్చుని, రాడ్‌ను మోకాళ్ళ వెనక నుంచి అడ్డంగా పోనిచ్చి, అతుక్కి రెండు పక్కలా మోకాళ్ళకి ఆనించి పట్టుకోండి. చేతులు కదపకుండా మోకాళ్ళు మెల్లగా వెడల్పు చెయ్యండి. చేతుల బలం కన్నా కాళ్ళ బలం సరళంగా పడుతుంది, తిన్నగా ఊడుతుంది. ఊడాక రెండు చివరలూ మంచినీళ్ళతో కడిగి తుడిచి, లోపలికి దూరే ముక్క మీద కొవ్వొత్తి మైనం పలచగా రుద్దండి. వేట నుంచి వచ్చిన ప్రతిసారీ ముక్కలు విడదీసే పెట్టాలి. రీల్‌ను కూడా విప్పి, అది కూర్చునే చోట మరలు కడగండి, ఉప్పు ముందు అక్కడే పడుతుంది. రీల్ మీద మాత్రం పంపు జోరుగా తిప్పొద్దు, ఆ వేగానికి ఉప్పునీరు లోపలి బేరింగుల్లోకి పోతుంది. డ్రాగ్ బిగించి, తడిగుడ్డతో తుడిచి, నీడన ఆరనిచ్చి, తర్వాత డ్రాగ్ వదులు చేసి పెట్టండి.